స్టీరింగు ఎందుకు మూలిగింది?

మా బావమరిదికి ఒక పాత కారుంది. 2002లో తయారైన బండి. 2019 వేసవి సెలవుల్లో ఒక పెళ్లికి అందరం ఆ కారులో బయలుదేరాం. ఊరు దాటాక, మలుపు తిప్పినప్పుడల్లా బానెట్టు కింద ఎవరో మూలుగుతున్నట్టు "ఊఁ..." అని ఒకటే చప్పుడు. దారిలో ఒక చిన్న షెడ్డు కనిపిస్తే ఆపాం. అక్కడి కుర్రాడు బానెట్టు ఎత్తి చూసి, "స్టీరింగు ఆయిలు తగ్గింది సార్!" అన్నాడు. బల్ల మీద ఉన్న డబ్బా అందుకుని నాలుగు చుక్కలు పోశాడు. కాసేపటికి మూలుగు ఆగింది. మేం హాయిగా పెళ్లి భోజనం చేసి ఇంటికి వచ్చాం.

మూడు వారాలు తిరగకుండానే కారు నిలిపిన చోటల్లా నేల మీద జిడ్డు మరకలు కనిపించాయి. ఒక సంత రోజున, బజారు మలుపులో, మా బావమరిది స్టీరింగు తిప్పబోతే అది రాయిలా బిగుసుకుపోయింది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిప్పితే కారు ఎలాగో మలుపు తిరిగి, మామిడిపళ్ల బండికి జానెడు దూరంలో ఆగింది. పళ్ల బండి వెనకే ఒక చిన్న పాప నిలబడి ఉంది. ఆ క్షణం నాకిప్పటికీ గుర్తే.

మా వీధి మెకానిక్కు స్టీరింగు ఆయిలును కొంచెం గాజు సీసాలోకి తీసి, రాత్రంతా కదపకుండా ఉంచాడు. మర్నాడు చూస్తే సీసాలో రెండు పొరలు! పైన ఎర్రటి నూనె, అడుగున మరో ద్రవం. "ఇందులో ఎవరో బ్రేకు ఆయిలు పోశారు మాస్టారూ!" అన్నాడు.

"ఏ ఆయిలైనా ఆయిలే గదా!" అన్నాడు మా బావమరిది.

పిల్లలూ! నిజంగానే ఏ ఆయిలైనా ఒకటేనా? ఆ రోజు షెడ్డులో డబ్బా మీద ఏం రాసి ఉందో చూడని వాళ్లలో సైన్సు పాఠాలు చెప్పే నేను కూడా ఉన్నాను. ఆ తప్పు ఖరీదెంతో తెలుసుకున్నాక, ఈ సంగతులు మీకు చెప్పాలనిపించింది.

చేతి బలం చాలదా?

అంబాసిడరు కారును మీ తాతగారి తరం వాళ్లు బాగా ఎరుగుదురు. చాలాకాలం ఆ కార్లకు చేతి బలమే ఆధారం. స్టీరింగు చక్రం పెద్దదిగా ఉండేది. ఎందుకు? బావి గిలకకు పొడుగు పిడి ఉంటే తిప్పడం తేలిక కదా! ఇదీ అంతే. చక్రం పెద్దదైతే తక్కువ బలంతో ఎక్కువ తిప్పుడు వస్తుంది. అయినా, ఆగి ఉన్న కారును ఇరుకు సందులో తిప్పాలంటే డ్రైవరు చొక్కా తడిసిపోయేది.

కారణం ఘర్షణే. కారు బరువు ఇంచుమించు వెయ్యి కిలోలనుకోండి. అందులో సగానికి పైగా ముందు చక్రాల మీదే పడుతుంది, ఎందుకంటే ఇంజను ఉండేది అక్కడే. ప్రతి టైరూ అరచేతి పాటి మేర నేలను అదిమి పట్టుకుని ఉంటుంది. కారు నడుస్తూ ఉంటే టైరు దొర్లుతూ తేలికగా పక్కకు తిరుగుతుంది. ఆగి ఉంటే మాత్రం రబ్బరు నేల మీద రాసుకుంటూ తిరగాలి. అందుకే బండి నిలిపే చోట స్టీరింగు అంత బరువు.

ఈ బరువును ఇంజను చేత మోయించవచ్చని చేసి చూపినవాడు ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికా ఇంజనీరు. 1926లో ఆయన తన పియర్స్ యారో కారుకు నూనె పీడనంతో పనిచేసే స్టీరింగు అమర్చి నడిపి చూపించాడు. అది మామూలుగా అమ్మే కార్లలోకి రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1951లో క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారుతో దాన్ని జనంలోకి తెచ్చింది. దీన్నే పవర్ స్టీరింగు అంటున్నాం.

పాస్కల్ గారి సహాయం

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ పేరు మీరు పాఠంలో చదివే ఉంటారు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే, అది తగ్గకుండా అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని ఆయన చెప్పాడు. పవర్ స్టీరింగుకు ఆధారం ఈ ఒక్క వాక్యమే.

ఇంజను పక్కన ఒక చిన్న పంపు ఉంటుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఒక బెల్టు దాన్ని తిప్పుతూ ఉంటుంది. డబ్బాలోని నూనెను ఆ పంపు పీల్చి, గట్టి గొట్టం గుండా స్టీరింగు యంత్రంలోకి నెడుతుంది. అక్కడ ఒక పొడుగాటి గొట్టంలో పిస్టన్ ఉంటుంది. మీ పుస్తకంలో దాన్నే ముషలకం అని ఉండవచ్చు. ముందు చక్రాలను పక్కకు తోసే పళ్ల కడ్డీకి ఆ పిస్టన్ బిగించి ఉంటుంది. నూనె ఎడమ వైపున చేరితే పిస్టన్ కుడికి జరుగుతుంది, కుడి వైపున చేరితే ఎడమకు జరుగుతుంది.

ఇప్పుడొక లెక్క చేద్దాం. పిస్టన్ వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. నూనె పీడనం చదరపు సెంటీమీటరుకు 70 కిలోలు. అప్పుడు పిస్టన్ మీద పడే బలం 10 × 70 = 700 కిలోలు! కారు టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోలే. అంటే ఈ సన్నని గొట్టంలోని నూనె టైరు గాలి కంటే 35 రెట్లు గట్టిగా తోస్తుందన్న మాట.

మరి మనం ఎటు తిప్పుతున్నామో నూనెకు ఎలా తెలుస్తుంది? స్టీరింగు కడ్డీ చివర పెన్సిలు పాటి సన్నని ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. మనం చక్రం తిప్పగానే అది పిసరంత మెలితిరుగుతుంది. ఆ కాస్త మెలికతోనే ఒక కవాటంలోని దారి ఒక వైపుకు తెరుచుకుని, నూనె అటు పరుగెడుతుంది. తిప్పడం ఆపితే కడ్డీ తిన్నగా అవుతుంది, నూనె పనేమీ లేకుండా డబ్బాలోకి తిరిగి వచ్చేస్తుంది. అంటే మనం తిప్పినా తిప్పకపోయినా నూనె మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

ఇంకొక మాట. నూనె మొత్తం కారిపోయినా, ఇంజను ఆగిపోయినా స్టీరింగుకూ చక్రాలకూ మధ్య ఇనుప బంధం తెగిపోదు. చక్రాలు తిరుగుతాయి, కాని చాలా బరువుగా తిరుగుతాయి. ఇది తెలియనివాడు "తిరగడం లేదు" అని చేతులెత్తేస్తాడు. తెలిసినవాడు గట్టిగా తిప్పి, బండిని పక్కకు తెచ్చి ఆపుతాడు. బజారులో మమ్మల్ని కాపాడింది ఈ ఇనుప బంధమే.

ఒక నూనె, ఎన్నో పనులు

బలాన్ని మోయడమే అయితే నీళ్లు పోసినా చాలు. నీళ్లకు కూడా పాస్కల్ నియమం వర్తిస్తుంది. కాని నీళ్లు పోస్తే పంపు తుప్పు పడుతుంది, లోహభాగాలు ఒకదానితో ఒకటి రాసుకుని అరిగిపోతాయి, వేడికి ఆవిరి బుడగలు లేస్తాయి. అందువల్ల నూనె కావాలి. అదీ మామూలు నూనె కాదు.

మొదటిది, దాని స్నిగ్ధత సరిగా ఉండాలి. స్నిగ్ధత అంటే ద్రవం జారకుండా మొరాయించే గుణం. తేనెకు ఎక్కువ, నీళ్లకు తక్కువ. నూనె చలి తెల్లవారుజామున తేనెలా గట్టిపడకూడదు, మండుటెండలో నీళ్లలా పలచబడకూడదు. ఇందుకోసం దానిలో పొడుగాటి గొలుసుల్లాంటి అణువులను కలుపుతారు. రెండవది, లోహాల మధ్య పలచని పొరగా నిలిచి అరుగుదల తగ్గించాలి. మూడవది, నురగ కట్టకూడదు. నాలుగవది, తుప్పు పట్టనివ్వకూడదు. అయిదవది, రబ్బరు సీళ్లను ఎండిపోనివ్వకూడదు, ఉబ్బిపోనివ్వకూడదు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క రసాయనం. నూనె డబ్బా అంటే ఒక చిన్న మందుల కొట్టన్న మాట!

నురగ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. డబ్బాలో నూనె తగ్గితే పంపు నూనెతోపాటు గాలిని కూడా పీలుస్తుంది. ద్రవాన్ని నొక్కితే దాదాపు నలగదు, గాలిని నొక్కితే నలిగిపోతుంది. పీడనం పెరిగినప్పుడు నూనెలోని బుడగలు టప్పున కూలిపోతాయి. వేల బుడగలు అలా కూలుతుంటే వచ్చేదే మేం విన్న మూలుగు. అది పంపు పెట్టే మొర. ఆ మొర విన్నవాడు నూనె పోసి ఊరుకోకూడదు, అసలు నూనె ఎందుకు తగ్గిందో వెతకాలి. సీళ్లూ గొట్టాలూ సరిగా ఉంటే నూనె అలా తగ్గిపోదు.

నూనెకూ ముసలితనం

గాలి తగిలితే ఇనుము తుప్పు పడుతుంది, కోసిన ఆపిల్ నల్లబడుతుంది. నూనె కూడా ఆక్సిజన్‌తో కలిసి పాడవుతుంది. దీన్ని ఆక్సీకరణం అంటారు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రవేత్తలు ఒక మోటు లెక్క వాడతారు. ఎంతసేపూ వేడి ఇంజను పక్కనే తిరిగే నూనెకు ఈ బాధ తప్పదు. నూనెలోని రక్షక రసాయనాలు కొంతకాలం అడ్డుపడి, క్రమంగా ఖర్చయిపోతాయి. గొలుసు అణువులు పంపు పళ్ల మధ్య తెగిపోతాయి. పంపు నుంచి సన్నని లోహపు పొడి, సీళ్ల నుంచి రబ్బరు నలుసులు వచ్చి చేరతాయి.

పరీక్ష చాలా తేలిక. నూనె చుక్కను తెల్ల కాగితం మీద వేయండి. కొత్త నూనె ఎర్రగా, తేటగా ఉంటుంది. ముసలి నూనె ముదురు గోధుమ రంగులో, మాడిన వాసనతో ఉంటుంది. చుక్క మధ్యలో నల్లని నలుసులు కనిపిస్తే మార్చే వేళ దాటిపోయిందన్న మాట.

స్టీరింగును చివరికంటా తిప్పి పట్టుకునే అలవాటు కూడా నూనెకు చేటు. అప్పుడు నూనె పోయే దారి ఉండదు. పీడనం పెరిగి రక్షక కవాటం తెరుచుకుంటుంది, నూనె అక్కడక్కడే సుడి తిరిగి వేడెక్కిపోతుంది. చివరికి తిప్పినా, వెంటనే కాస్త వెనక్కి వదలాలి.

డబ్బా మీది పేరు వెనక తిమింగలం

మా బావమరిది కారులో స్టీరింగు నూనె డబ్బా మూత మీద "ఏ.టి.ఎఫ్. డెక్స్రాన్ 2 లేదా 3" అని ఉంది. ఏ.టి.ఎఫ్. అంటే వాటంతటవే గేర్లు మార్చుకునే కార్ల గేర్ల పెట్టెలో పోసే నూనె. అది స్టీరింగులోకి ఎలా వచ్చింది? 1949లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ ఆ నూనెకు "టైప్ ఏ" అనే ప్రమాణం పెట్టింది. పలచగా పారుతూ, పీడనాన్ని చక్కగా మోసే ఆ నూనె స్టీరింగుకు కూడా పనికొచ్చింది. తరువాత 1960ల చివర డెక్స్రాన్ అనే పేరు వచ్చింది.

ఆ రోజుల్లో ఈ నూనెలో స్పెర్మ్ వేల్ అనే తిమింగలం నూనె కలిపేవారంటే నమ్ముతారా? ఘర్షణను తగుపాటిగా ఉంచడంలో దాన్ని మించింది లేదనుకునేవారు. కార్ల కోసం కూడా తిమింగలాలు ప్రాణాలు పోగొట్టుకున్నాయన్న మాట. 1970ల ఆరంభంలో అమెరికా తిమింగలాల రక్షణకు చట్టాలు తెచ్చి ఆ నూనెను ఆపేసింది. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో ప్రత్యామ్నాయాలు తయారు చేయక తప్పలేదు.

డెక్స్రాన్ 3 అనేది 1993లో, డెక్స్రాన్ 6 అనేది 2005లో వచ్చాయి. 2006 తరువాత డెక్స్రాన్ 3కు జనరల్ మోటార్స్ అనుమతులివ్వడం మానేసింది. కాబట్టి పాత కారు మూత మీద ఉన్న పేరు గల నూనె నేడు కంపెనీ ముద్రతో దొరకదు. "డెక్స్రాన్ 3 కోరే వాహనాలకు తగినది" అని తయారీదారు స్పష్టంగా రాసిన నూనెను నమ్మకమైన చోట కొనాలి. పాత కారు యజమానికి వచ్చే అసలు చిక్కు ఇదే.

అన్ని కార్లకూ ఏ.టి.ఎఫ్. పనికిరాదు సుమా! హోండా సంస్థ తన కార్లకు తన సొంత స్టీరింగు ద్రవమే వాడమంటుంది. చాలా జర్మన్ కార్లకు ఆకుపచ్చని మరో రకం నూనె కావాలి. రంగు చూసి నిర్ణయించకూడదు, ఎందుకంటే రంగు కేవలం కలిపిన అద్దకం. మిఠాయి రంగు చూసి రుచి చెప్పగలమా? మూత మీది అక్షరాలు, కారుతో ఇచ్చిన పుస్తకం, ఈ రెండే ప్రమాణాలు.

బ్రేకు ఆయిలు చేసిన పని

ఇప్పుడు మన సీసాలోని రెండు పొరల దగ్గరికి వద్దాం. "బ్రేకు ఆయిలు" అన్నది వాడుక మాటే. డాట్ 3, డాట్ 4 అని అమ్మే బ్రేకు ద్రవాలు అసలు నూనెలే కావు. అవి గ్లైకాల్ ఈథర్ జాతి రసాయనాలు, నీళ్లతో చక్కగా కలుస్తాయి. స్టీరింగు నూనె పెట్రోలియం నుంచి వచ్చినది, నీళ్లతో కలవదు. అందుకే సీసాలో రెండూ విడిపోయాయి. బరువైన బ్రేకు ద్రవం అడుగుకు చేరింది.

రసాయన శాస్త్రంలో ఒక మాటుంది: ఒకే తీరువి ఒకదానిలో ఒకటి కరుగుతాయి. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. రబ్బరు సీళ్లకు కూడా ఇదే సూత్రం. స్టీరింగు సీళ్లను సాధారణంగా నైట్రైల్ రబ్బరుతో చేస్తారు. దాని అణువుల తీరు పెట్రోలియం నూనెకు భిన్నం. కనుక నూనె దానిలోకి చొరబడదు. గ్లైకాల్ ఈథర్‌కు మాత్రం అది చుట్టం లాంటిది. ద్రవం లోపలికి చొరబడి సీలు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి అంచులు చిరిగి కారడం మొదలవుతుంది. మా కారుకు జరిగింది అదే.

బ్రేకుల్లో ఉండే రబ్బరు మరో జాతిది. అది గ్లైకాల్‌ను తట్టుకుంటుంది, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతుంది. కాబట్టి పొరపాటు అటునుంచి ఇటు జరిగితే మరీ ప్రమాదం. స్టీరింగు నూనె బ్రేకు డబ్బాలో పడితే బ్రేకులే పట్టకపోవచ్చు. అలాంటి బండిని అడుగు కూడా కదపకూడదు.

మా కారుకు నూనె మార్చినంత మాత్రాన సరిపోలేదు. స్టీరింగు యంత్రం విప్పి, అంతా కడిగి, పంపులోనూ పళ్ల కడ్డీలోనూ సీళ్లన్నీ మార్చవలసి వచ్చింది. గుక్కెడు ద్రవం, మా బావమరిది నెల జీతంలో పెద్ద ముక్కను మింగేసింది!

నూనె మార్చడం ఎలా?

ఇది పెద్దల పని. మీరు పక్కన నిలబడి గమనించండి. ఇంజను తిరుగుతుంటే బెల్టు దగ్గరికి చేతులూ, వోణీలూ పోనివ్వకండి. ఒట్టి జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు.

తేలిక పద్ధతి ఒకటుంది. ఇంజను ఆపి, మూత చుట్టూ దుమ్ము తుడిచి, పెద్ద సిరంజితో డబ్బాలోని పాత నూనె లాగేస్తారు. కొత్త నూనె గీత దాకా పోసి, కొన్నాళ్లు నడిపి, మళ్లీ అలాగే చేస్తారు. ఇందులో మీ గణితానికి పని ఉంది. మొత్తం నూనె ఒక లీటరు, డబ్బాలో పట్టేది 300 మిల్లీలీటర్లు అనుకోండి. మొదటిసారి మార్చాక 70 శాతం పాత నూనె మిగులుతుంది. రెండోసారికి 70లో 70 శాతం, అంటే 49. మూడోసారికి సుమారు 34, నాలుగోసారికి 24, అయిదోసారికి 17, ఆరోసారికి 12. ఇది గుణశ్రేఢి అని గుర్తుపట్టారా? ఎన్నిసార్లు చేసినా సున్నా మాత్రం కాదు. మామూలుగా ముసలిదైన నూనెకు ఈ పద్ధతి చాలు. వేరే ద్రవం కలిసిన నూనెకు చాలదు.

పూర్తి పద్ధతిలో ముందు చక్రాలను నేల నుంచి ఎత్తి, గట్టి ఆధారాల మీద నిలుపుతారు. నూనె డబ్బాకు తిరిగి వచ్చే గొట్టాన్ని ఊడదీసి సీసాలో పెడతారు, డబ్బాకున్న ఆ రంధ్రాన్ని మూసేస్తారు. ఇంజను వేయకుండానే ఒకరు స్టీరింగును అటూ ఇటూ మెల్లగా తిప్పుతుంటే, మరొకరు డబ్బా ఖాళీ కాకుండా కొత్త నూనె పోస్తుంటారు. సీసాలోకి తేటగా కొత్త నూనె వచ్చాక గొట్టం బిగిస్తారు. తరువాత కూడా ఇంజను ఆపే ఉంచి స్టీరింగును చాలాసార్లు తిప్పితే గాలి బుడగలు పైకి వచ్చేస్తాయి. నురగ పోయాక ఇంజను వేసి, మట్టం మళ్లీ చూస్తారు.

తీసిన నూనెను కాలువలో పారబోయకూడదు. నీళ్ల మీద పలచని పొరగా పరుచుకుని అది గాలిని లోపలికి పోనివ్వదు. మూతగల సీసాలో పోసి, కాలిన ఆయిలు సేకరించే గ్యారేజీకి ఇచ్చేయాలి.

మీరు చేసి చూడండి

ఒకటి: సూదులు తీసేసిన రెండు ప్లాస్టిక్ సిరంజిలు తీసుకోండి, ఒకటి 2 మిల్లీలీటర్లది, మరొకటి 20 మిల్లీలీటర్లది. రెంటినీ నీళ్లతో నింపి సన్నని గొట్టంతో కలపండి. చిన్నదాన్ని మీరు నొక్కండి, పెద్దదాన్ని మీ స్నేహితుణ్ణి ఆపమనండి. ఆపలేడు! వ్యాసాలు కొలిచి, బలం ఎన్ని రెట్లయిందో లెక్క వేయండి. తరువాత గొట్టంలోకి కావాలనే గాలి బుడగ పోనివ్వండి. నొక్కితే స్ప్రింగులా మెత్తగా తగులుతుంది. పంపు ఎందుకు మూలిగిందో అప్పుడు మీ వేలికే తెలుస్తుంది.

రెండు: ఒకే పొడుగున్న రెండు రబ్బరు బ్యాండు ముక్కలు తీసుకుని, ఒకటి నీళ్లలో, ఒకటి కొంచెం కిరసనాయిలులో వేసి మర్నాటిదాకా ఉంచండి. మంటకు దూరంగా, మాస్టారి ఎదుట చేయండి. మర్నాడు రెంటినీ స్కేలుతో కొలిచి, మెల్లగా లాగి చూడండి. సీళ్లకు ఏమవుతుందో కళ్లారా చూస్తారు.

నేడు వచ్చే కొత్త కార్లలో చాలావాటికి స్టీరింగు నూనె ఉండదు, కరెంటు మోటారే చక్రం తిప్పడంలో సాయపడుతుంది. 1988లో జపాను కారు సుజుకి సెర్వోతో ఆ పద్ధతి మొదలైంది. కాని నూనెతో నడిచే పాత కార్లూ, లారీలూ, బస్సులూ మన రోడ్ల మీద ఇంకా ఎన్నో తిరుగుతున్నాయి. మీ ఇంటి బండి గాని, మీ బాబాయి ట్యాక్సీ గాని అలాంటిదైతే, ఈ ఆదివారం బానెట్టు ఎత్తించి, చల్లబడిన ఇంజను పక్కన ఆ చిన్న డబ్బాను వెతకండి. మూత మీది అక్షరాలు చదివి ఒక కాగితం మీద రాసి బండిలోనే ఉంచండి. దారిలో ఎవరైనా డబ్బా పట్టుకుని వస్తే, "ఒక్క నిమిషం, ముందు దాని మీద ఏం రాసి ఉందో చూద్దాం" అనండి. ఆ రోజు మా కారులో ఉన్న అయిదుగురిలో ఒక్కరం ఆ మాట అని ఉంటే బాగుండేది.